చంటిబిడ్డల దగ్గు

ధనుర్మాసము ప్రవేశించగానే కృష్ణా డెల్టాలో గాలి మారును. తెల్లవారుజామున కాలువగట్లపై మంచు దట్టముగా క్రమ్మును. పొలములలో కోతయంత్రములు లేపిన ధూళియు, గడ్డి తగులబెట్టిన పొగయు ఆ మంచులో చిక్కుకొని నేలకు దగ్గరగనే నిలిచియుండును. బెజవాడ సందులు మొదలు దివిసీమ లంకల వరకు, ఆ దినములలో రాత్రివేళ ఏ వీధిని నడచినను ఏదో యొక ఇంటినుండి ఒక ధ్వని వినవచ్చును. అది చంటిబిడ్డ దగ్గు.

ఆ దగ్గు వినబడగానే ఇల్లంతయు మేల్కొనును. తల్లి బిడ్డను భుజముపై వేసికొని వీపు నిమురును. అమ్మమ్మ వాము వేసి కాచిన నూనె తెమ్మనును. తండ్రి మందుల దుకాణము మూయకమునుపే పోయి దగ్గుమందు సీసా కొనితెచ్చును. అందరి తాపత్రయము ఒక్కటియే: ఆ దగ్గును ఎట్లయినను ఆపవలెనని. దగ్గు ఆగినచో జబ్బు నయమైనట్లేయని అందరి నమ్మకము. ఈ నమ్మకమును గూర్చియే మేము నేడు కొంత మనవి చేయదలచితిమి. బిడ్డ దగ్గినప్పుడు మనము ముఖ్యముగా కనిపెట్టవలసినది దగ్గును కాదు, ఊపిరిని.

ముందుగా దగ్గు అనగానేమో చూతము. మన ఊపిరిగొట్టముల లోపలి పొరపై కంటికి కనబడని సన్నని కేశములవంటివి కోట్లకొలది కలవు. అవి గాలికి తలలూచు వరిచేనువలె ఎడతెగక కదలుచు, లోనికి చేరిన ధూళిని, సూక్ష్మజీవులను శ్లేష్మముతో కలిపి గొంతువైపునకు త్రోయుచుండును. వాని శక్తికి మించిన శ్లేష్మము చేరినప్పుడు దగ్గు సహాయమునకు వచ్చును. గొంతు ఒక్క క్షణము మూతపడి, ఛాతీ కండరములు బిగిసి, అంతలో గొంతు తెరచుకొనగా గాలి అతివేగముగా వెలువడి అడ్డును బయటికి త్రోసివేయును. కనుక దగ్గు ఇంటిముందరి కావలికుక్క వంటిది. మొరిగినదని దాని నోరు కట్టివేసినంత మాత్రమున దొంగ పోడు. మనకు తెలియకుండ లోనికి వచ్చును.

పసిబిడ్డకు ఈ పని పెద్దలకన్న కష్టతరము. వాని గాలిగొట్టములు మిక్కిలి సన్ననివి. కొద్దిపాటి వాపు వచ్చినను దారి ఇరుకగును. తొలి కొన్ని నెలలు శిశువు ముఖ్యముగా ముక్కుతోనే ఊపిరి పీల్చును గనుక, పడిశము పట్టి ముక్కు మూసికొన్నచో పాలు త్రాగుటకే శ్రమపడును. కళ్లెను ఉమ్మివేయుట వానికి తెలియదు; మ్రింగివేయును. అది ఒక్కొకసారి పాలతోకూడ వాంతియై బయటపడును. ఆ జిగటను చూచి తల్లి బెదరవలసిన పని లేదు. పండుకొన్నప్పుడు ముక్కులోని నీరు గొంతులోనికి జారును. రాత్రులందు దగ్గు హెచ్చుటకు ఇది కారణము.

ఇట్టి జలుబులు చిన్నపిల్లలకు ఏడాదికి ఆరు మొదలు ఎనిమిది పర్యాయములు వచ్చుట సాధారణము. వీనిలో అత్యధికము వైరసుల వలన కలుగునవి. యాంటీబయాటిక్ మందులు వైరసులపై పనిచేయవు. జలుబుతో వచ్చిన దగ్గు 10 దినములలో సుమారు సగముమంది పిల్లలకు తగ్గును. పదిమందిలో తొమ్మండుగురికి తగ్గుటకు 25 దినములు పట్టును. బిడ్డ పాలు త్రాగుచు, ఆడుకొనుచు, నవ్వుచు, నడుమనడుమ దగ్గుచున్నచో నాల్గవనాడే మందు మార్చుటకు పరుగెత్తనక్కరలేదు.

అయితే భయపడవలసినది ఎప్పుడు? ఇందుకు మన పెద్దలే ఒక మంచి మాట ఇచ్చియున్నారు. “బిడ్డ డొక్కలెగరేస్తున్నాడు” అని మన పల్లెలలో అమ్మమ్మలు చెప్పుదురు. వైద్యశాస్త్రము న్యుమోనియాకు చెప్పు ముఖ్యలక్షణములు రెండింటిలో ఇది యొకటి. ఊపిరితిత్తులకు వ్యాధి సోకినప్పుడు అవి బిరుసెక్కును. బిడ్డ ఊపిరి లోనికి పీల్చినప్పుడు ఛాతీ ఉబ్బుటకు మారుగా, ప్రక్కటెముకల క్రింది భాగము లోనికి పోవును. రెండవ లక్షణము ఊపిరి వేగము. చాలినంత గాలి అందక బిడ్డ త్వరత్వరగా ఊపిరి తీయును. ఈ వేగమును లెక్కించుటకు యంత్రము అక్కరలేదు. సెకండ్ల ముల్లున్న గడియారమో సెల్‌ఫోనో చాలును.

బిడ్డ ఏడ్వక, పాలు త్రాగక, నెమ్మదిగానున్న సమయము చూచి చొక్కా పైకెత్తుడు. పొట్టయు ఛాతీయు ఒకసారి లేచి దిగినచో ఒక ఊపిరి. ఒక నిమిషము పూర్తిగా లెక్కింపుడు. పావునిమిషము లెక్కించి నాలుగింతలు చేయరాదు, ఏలయన పసివారి ఊపిరి సమముగా నడువదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించిన హద్దులు ఇవి. 2 నెలలు నిండని శిశువు నిమిషమునకు 60 సార్లు గాని అంతకు మించి గాని ఊపిరి తీసినచో అది వేగము. ఆ వయసున మాత్రము మరల ఒకసారి లెక్కించి నిర్ధారించుకొనవలెను. 2 నెలలు నిండి ఏడాది నిండని బిడ్డకు 50, ఏడాది నిండి 5 ఏండ్లలోపు బిడ్డకు 40 హద్దు. 60, 50, 40: ఈ మూడు అంకెలను ఇంటి క్యాలెండరు మూలన వ్రాసియుంచుకొనుడు.

ఈ లెక్క తల్లులకు సాధ్యమా యని సందేహింపవచ్చును. తెలంగాణమునకు పొరుగున, ప్రాణహిత కావలనున్న గడ్చిరోలి జిల్లాలో డాక్టరు అభయ్ బంగ్, డాక్టరు రాణీ బంగ్ దంపతులు ఈ సందేహమును తీర్చిరి. చదువురాని మంత్రసానులు సయితము వాడదగినట్లు పూసలతో ఊపిరి లెక్కించు చిన్న సాధనమును వారు సమకూర్చిరి. గ్రామ ఆరోగ్య కార్యకర్తలకు న్యుమోనియాను గుర్తించి మందిచ్చుట నేర్పిరి. 1990లో ప్రకటితమైన వారి పరిశోధన ప్రకారము, ఆ గ్రామములలో న్యుమోనియా వలని శిశుమరణములు పోల్చిచూచిన ఇతర గ్రామములకన్న సగమునకు పైగా తక్కువగానుండెను. అక్కడ గ్రామ కార్యకర్తలు చేయగలిగిన లెక్క మన ఇండ్లలో తల్లులు చేయజాలరా?

ఊపిరిని చూచిన పిమ్మట దగ్గు తీరునుకూడ వినవలెను. కుక్క మొరిగినట్లు గరగరలాడు దగ్గు, ఊపిరి పీల్చునప్పుడు కీచుమను ధ్వని గొంతు వాపును తెలుపును. పిల్లికూతలు ఏడాది లోపు బిడ్డకు తరచు సన్నని గాలిగొట్టముల వాపు వలన కలుగును. మూడవ నాటినుండి అయిదవ నాటివరకు అది ముదురును గనుక ఆ దినములలో కనిపెట్టియుండవలెను. తెరలుతెరలుగా ఊపిరాడనీయక వచ్చి తుదకు వాంతి చేయించునది కోరింతదగ్గు. కొద్ది నెలల శిశువులకు ఇందు కూత వినబడకపోవచ్చును. ఊపిరి ఆగిపోవుటయే లక్షణము కావచ్చును. రెండు వారములు దాటిన దగ్గు, బరువు తగ్గుట, ఇంటిలో క్షయరోగి యుండుట కలసినచో క్షయ పరీక్ష చేయింపవలెను.

జలుబు లేకుండ, తినుచునో ఆడుచునో హఠాత్తుగా మొదలైన దగ్గు వేరు. శనగగింజయో వేరుశనగపప్పో చింతపిక్కయో గొంతులోనికి జారియుండవచ్చును. సంక్రాంతికి ముందు భోగినాడు పిల్లల తలపై రేగుపండ్లు పోయుట మనకు వేడుక. ఆ వేడుక ముగిసిన వెంటనే క్రిందపడిన పండ్లను, నాణెములను ఏరివేయుట మరువరాదు. అడ్డుపడిన బిడ్డ గట్టిగా దగ్గుచు ఏడ్వగలిగినచో దగ్గనిండు; నోటిలో వ్రేలు పెట్టి వెదకకుడు. ఏడుపు రాక నీలమగుచున్న ఏడాది లోపు బిడ్డను ముంజేతిపై బోర్లవేసి, తల క్రిందుగా నుంచి, భుజపుటెముకల నడుమ 5 దెబ్బలు వేయుడు. పోనిచో వెలికిల త్రిప్పి రొమ్ము నడుమ 5 సార్లు నొక్కుడు. అడ్డు తొలగువరకు ఈ రెండును మార్చిమార్చి చేయుచు, మరియొకరిచేత సహాయమునకు ఫోను చేయింపుడు.

ఇక సాధారణమైన దగ్గునకు ఉపశమనము. అన్నిటికన్న గొప్పది తల్లిపాలు. కొద్దికొద్దిగా, మాటిమాటికి ఇచ్చినచో శ్లేష్మము పలుచబడును, బలము తగ్గదు. ఆరు నెలలు నిండనివానికి నీరుకూడ అక్కరలేదు. పాలిచ్చుటకు ముందు ఒక్కొక్క ముక్కురంధ్రమున ఒకటి రెండు సెలైన్ చుక్కలు వేసి, మెత్తని గుడ్డను ఒత్తిగా చేసి వెలుపలికి వచ్చినదానిని తుడువవలెను. మెలకువగానున్నప్పుడు నిటారుగా ఎత్తుకొనుడు. నిద్రకు మాత్రము తలగడ లేకుండ వెలికిలనే పండబెట్టుడు. ఆరు నెలలు దాటినవానికి గోరువెచ్చని నీరు, పలుచని పప్పుకట్టు మంచివి. ఏడాది నిండినవానికి పండుకొనబోవు ముందు అరచెంచా తేనె గొంతునకు హాయినిచ్చును. ఏడాది నిండనివానికి తేనె నాలుకకు రాయను రాదు. అందు ఒక్కొకప్పుడు దాగియుండు సూక్ష్మజీవుల బీజములు పసివాని ప్రేవులలో మొలకెత్తి, కండరములను చచ్చుబరచు విషమును పుట్టించును.

మానవలసినవియు కొన్ని కలవు. పెద్దల ప్రేమను మేము శంకించుటలేదు. దిష్టి తీసినందువలన బిడ్డకు చేటు లేదు. కాని ముక్కులో నూనె చుక్కలు వేసినను, ముక్కు మూసి ఆముదము పోసినను, ఆ నూనె ఊపిరితిత్తులలోనికి దిగి న్యుమోనియా కలిగించును. స్నానానంతరము సాంబ్రాణి పొగ పట్టుట వలన ఇదివరకే వాచిన గాలిగొట్టములు మరింత వాచును. రెండేండ్ల లోపు బిడ్డకు కర్పూరము కలిపిన నూనె రాయరాదు. ఆవిరి పట్టబోయి బిడ్డను కాల్చుకొన్న ఇండ్లు కలవు. ఇక డొక్కలెగరవేయు బిడ్డకు పొట్టపై వాతలు పెట్టుట క్రౌర్యమేకాక, ఆసుపత్రికి చేర్చవలసిన విలువైన సమయమును హరించును.

దగ్గుమందు సీసాను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. 2022లో ఆఫ్రికాలోని గాంబియా దేశమున, మన దేశమునుండి ఎగుమతియైన సిరపులతో సంబంధమున్నట్లు తేలిన మూత్రపిండముల వ్యాధితో సుమారు 70మంది పిల్లలు మరణించిరి. 2025 శరత్కాలమున మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతమున ఒక దగ్గు సిరపు త్రాగిన పసివారు 20మందికి పైగా అదే విధముగా మూత్రపిండములు చెడి అసువులు బాసిరి. ఆ మందులో డైఇథిలీన్ గ్లైకాల్ అను పారిశ్రామిక విషద్రవము సగమునకు దగ్గరగానున్నట్లు పరీక్షలో తేలినది. 2025 అక్టోబరు 3న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేటు, రెండేండ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు వ్రాయరాదనియు, 5 ఏండ్ల లోపువారికి సాధారణముగా అవి తగవనియు సూచించినది. కల్తీ లేనిదైనను ఈ మందు పసివాని దగ్గును తగ్గించునను నిదర్శనము లేదు. మగతను మాత్రము కలిగింపవచ్చును. మగతగా పడియున్న బిడ్డను చూచి మనము నెమ్మదించినదని మురియుదుము. ఊపిరి వేగము ఆ మగతచాటున పెరుగుచుండవచ్చును.

రాకుండ కాచుకొనుట అన్నిటికన్న మేలు. 6, 10, 14 వారములకు వేయు పెంటావాలెంట్ టీకా కోరింతదగ్గును, ఒక జాతి న్యుమోనియాను అడ్డగించును. న్యుమోకోకస్ అను సూక్ష్మజీవిని అడ్డగించు పి.సి.వి. టీకా 2021లో దేశమంతటికి విస్తరింపబడినది. 6, 14 వారములకును 9 నెలలకును దీనిని ఉచితముగా వేయుదురు. బిడ్డయున్న గదిలో చుట్ట, బీడీ, సిగరెట్టు కాల్చరాదు. దోమలకు కాయిలు వెలిగించుటకు మారుగా దోమతెర కట్టుడు. జలుబు చేసిన పెద్దలు చేతులు కడుగుకొనక బిడ్డను ఎత్తుకొనరాదు.

చివరిమాట. ఊపిరి 60, 50, 40 హద్దులను చేరినను, డొక్కలు లోనికి పోవుచున్నను, ముక్కుపుటము లెగురుచున్నను, మూలుగు వినబడుచున్నను, పెదవులు నీలమైనను, బిడ్డ పాలు విడిచినను, మగతగా పడియున్నను, ఫిట్లు వచ్చినను తెల్లవారువరకు వేచియుండకుడు. రెండు నెలల లోపు శిశువునకు జ్వరము వచ్చినను, ఒడలు చల్లబడినను అంతే. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రమున ప్రారంభమైన 108 అంబులెన్సు లంకగ్రామమునుండి పిలిచినను పలుకును. దగ్గు వినబడిన రాత్రి దీపము వెలిగించి, బిడ్డ చొక్కా పైకెత్తి, ఒక్క నిమిషము చూడుడు. ఆ నిమిషములో అంతయు సరిగానున్నచో బిడ్డకు పాలిచ్చి, మీరును నిద్రింపవచ్చును.