పిల్లల్ని ఆడించడమూ పనే!

2012 వేసవిలో చీపురుపల్లి దగ్గరున్న మా పుట్టింటికి వెళ్లాను. పొద్దున్నే చెరువులో ఉపాధి పని జరుగుతోంటే అటు నడిచాను. గట్టు మీద తుమ్మచెట్టుకి చీరతో ఉయ్యాల కట్టారు. అందులో ఓ పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. తల్లేమో కింద తట్ట మోస్తోంది.

"ఓసారి వచ్చి పాలిచ్చి వెళ్లరాదుటే?" అన్నాను.

"ఎలాగొత్తానప్పా? నాను మానీస్తే మా జట్టు కొలత తగ్గిపోతాది. అందరి కూలీ పడిపోతాది. రేపు నన్ను జట్టులో ఎట్టుకోరు" అంది.

నిజమే. మట్టి పనికి కూలి రోజు లెక్కన కాదు, కొలత లెక్కన. జట్టంతా ఎంత తవ్విందో కొలిచి పంచుతారు. అందుకే పాలిచ్చే తల్లి జట్టుకి బరువనిపిస్తుంది.

2005లో ఉపాధి హామీ చట్టం వచ్చింది. మన విజయనగరం జిల్లాలో 2006లో, శ్రీకాకుళంలో 2007లో అమలైంది. ఆడామగా తేడా లేకుండా ఒకే కూలి అంది. పని పొందేవాళ్లలో కనీసం మూడోవంతు ఆడవాళ్లుండాలంది. పొలం పనిలో ఎప్పుడూ తక్కువ కూలే తీసుకున్న మనవాళ్లకి అది చిన్న విషయం కాదు. మరో మాట కూడా రాశారు: ఆరేళ్ల లోపు పిల్లలు అయిదుగురు, అంతకు మించి వస్తే వాళ్లని చూడ్డానికి ఒకామెని పెట్టాలి. ఆమెకీ కూలి ఇవ్వాలి.

ఆ రోజు గట్టు మీద ఎనిమిది మంది పిల్లల్ని లెక్కపెట్టాను. మేటుని అడిగితే, "పిల్లల్ని ఆడించడానికి కూలేంటమ్మా? ఇంట్లో ముసలమ్మలు లేరా?" అని నవ్వాడు.

ఆ నవ్వు మనకి కొత్తా? ఇంటి చాకిరీకి లెక్కేమిటనే మాట వినని ఆడది ఎవరు?

మర్నాడు తల్లులంతా కలిసి వెళ్లి అడిగారు. నాలుగు రోజులకి, తట్ట మోయలేని ఓ పెద్దామెని పిల్లల దగ్గర పెట్టారు. ఆవిడకీ కూలి దొరికింది, ఆ పిల్ల జట్టులోనూ నిలిచింది.

పల్లె సంగతి మనకెందుకులే అనుకోకండి. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించినప్పుడు, 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. మీ ఆఫీసులో ఉందా? ఎప్పుడైనా అడిగారా?

2025 డిసెంబరులో ఉపాధి హామీ స్థానంలో 125 రోజుల పని చెప్పే కొత్త చట్టం చేశారు. చట్టం పేరేదైనా, చెట్టు కింద పసివాడి ఏడుపు ఒకటే. వాడిని ఎవరు చూస్తారు, ఆమెకి కూలి ఎవరిస్తారు? ముందు ఇది అడుగుదాం. ఒక్కళ్లం కాదు, కలిసి అడుగుదాం.