హెడ్డు దించిన నాడు

పట్టుచీరల పోచంపల్లి వేఱు, మా గుండ్లపోచంపల్లి వేఱు. మా యూరి పేరు వినినంతనే మగ్గములెన్ని యున్నవని యడుగువారే యెక్కువ గనుక ఈ మాట ముందుగా చెప్పక తప్పదు. మగ్గములకు మాఱుగా మాకు అపారెల్ పార్కు గలదు. బొల్లారము దాటి మేడ్చలు పోవు రైలుదారిలో నొక చిన్న స్టేషను గలదు. కొంపల్లి మీదుగా నాగపూరునకు సాగిపోవు 44వ నంబరు జాతీయ రహదారి చేరువనే గలదు. రహదారి యున్నచోట లారీలును, లారీలున్నచోట మెకానిక్కు షెడ్డులును వెలయుట సహజమే కదా. అట్టి షెడ్డులలో నొకదాని యెదుట, గడచిన వేసవిలో నొక మధ్యాహ్నము, నా ముసలి మారుతి 800 కారు ఆవిరులు గ్రక్కుచు నిలిచిపోయినది.

తప్పు నాదే. మేడ్చలు నుండి వచ్చుచుండగా వేడిమిని తెలుపు ముల్లు ఎఱ్ఱగీత నంటుట చూచితిని. చూచియు, ఇల్లు దగ్గఱకు వచ్చితిమి కదా యనియు, ఆపినచో నిలుచుటకు నీడయైన లేదనియు నాకు నేనే నచ్చజెప్పుకొని ముందునకు నడిపితిని.

ఉస్తాదు (మా వైపు మెకానిక్కును పిలుచు పిలుపదియే) బానెట్టు తెఱచి, రేడియేటరు మూత జోలికి పోక, ఇంజను చల్లారువఱకు మఱియొక బండి పని చూచుకొనెను. పిదప వచ్చి ఆయిలు మూత విప్పి, దాని లోపలివైపు నా కన్నుల యెదుట పెట్టెను. పాలు మిక్కిలిగా పోసిన చాయ రంగున నుఱుగు పేరుకొనియున్నది. ఇంజను లోపల నీరును నూనెయు కలిసినవన్నమాట. “గరమైతే బండి ఆపొద్దా సార్? హెడ్డు దించాల్సిందే” అని మాత్రమే పలికి, పానాల పెట్టె దగ్గఱకు లాగికొనెను.

పిస్టనులు క్రిందుమీదుగా కదలు సిలిండరులకు మూతవంటిది ఈ హెడ్డు. కుండమీది మూకుడుతో పోల్చవచ్చును గాని, ఈ మూకుడు వంటలో సగము తానే చేయును. గాలియు పెట్రోలును లోనికి వచ్చు దారులు, కాలిన పొగ వెలికి పోవు దారులు, వానిని తెఱచి మూయు వాల్వులు, ఆ వాల్వులను నడపు క్యామ్ షాఫ్టు, నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గులు, వీనియన్నిటి చుట్టును నీరు ప్రవహించు బోలుమార్గములు, అన్నియు ఆ యొక్క లోహపు దిమ్మలోనివే. ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు తిరుగునపుడు ఒక్కొక్క వాల్వు సెకనునకు 25 మారులు తెఱచుకొని మూసికొనును. ఆ మంటను, ఆ నీటిని, ఆ నూనెను ఒకదాని దారిలో నొకటి చొరబడకుండ కాపాడునది హెడ్డునకును బ్లాకునకును నడుమ పఱచిన గాస్కెటు అను పలుచని పొర మాత్రమే.

నా కారులో హెడ్డు అల్యూమినియముది, బ్లాకు పోతయినుముది. వేడికి అల్యూమినియము ఇనుముకంటె ఇంచుమించు రెండింతలు సాగును. అడుగు పొడవుగల హెడ్డు 80 డిగ్రీలు వేడెక్కినచో అర మిల్లీమీటరు సాగునుగాని, క్రిందనున్న ఇనుము అందులో సగమే సాగును. మామూలు వేడిలో ఈ భేదమును గాస్కెటు సహించును. వేడి మితిమీరినపుడు, బోల్టులచే బంధింపబడి సాగుటకు దారిలేని హెడ్డు విల్లువలె వంగును. సందు దొఱకినచోట గాస్కెటు కాలును.

విప్పుటకు ఒక పూట పట్టినది. రేడియేటరు నీరు వదలి, కార్బురేటరును మానిఫోల్డులను తీసి, టైమింగు బెల్టు గుర్తులు చూచికొని దానిని వదులు చేసి, రాకరులు విప్పిన పిదప ఉస్తాదు హెడ్డు బోల్టులపై చేయి వేసెను. వానిని ఒక్కమాఱుగా గాక, అంచులనుండి నడుమకు, కొంచెము కొంచెముగా వదులు చేసెను. శిష్యుడొకడు అట్టపెట్టె చీల్చి, ఆ ముక్కకు ఆఱు రంధ్రములు పొడిచి, ఊడదీసిన ఆఱు వాల్వులను వచ్చిన వరుసలోనే అందు గుచ్చెను. ఏ వాల్వు ఏ సీటుతో అరిగెనో దానితోనే మరల కూడవలెను గనుక, వరుస తప్పినచో పని చెడును. రెండవ, మూడవ సిలిండరుల నడుమ గాస్కెటుపై కాటుకతో గీచినట్లు నల్లని చాఱ యొకటి కనబడినది.

తానీ పని ఆర్టీసీ డిపోలో పనిచేసిన యొక పెద్దవాని వద్ద నేర్చినట్లు ఉస్తాదు చెప్పెను. ఆర్టీసీకి మూలము 1932లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైన నిజాము రాష్ట్ర రైలు, రోడ్డు రవాణా శాఖ. ఆర్టీసీ ఇంజనులు నేటికిని ఉప్పల్ జోనల్ వర్క్‌షాపులో విప్పబడి, కొలువబడి, మరల కూర్పబడుచున్నవి. ఆ కొలుచు అలవాటే మా ఉస్తాదునకును అబ్బినది.

ఆ అలవాటే ముఖ్యము, ఏలయనగా విప్పుట యెవరికైనను వచ్చును, చూచుటయే కష్టము. ఉస్తాదు హెడ్డు అడుగుభాగమును గీకి శుభ్రము చేసి, ఉక్కు బద్దను నిలువుగా, అడ్డముగా, మూలలనుండి మూలలకు ఆనించి, దాని క్రింద ఫీలరు గేజి రేకును దూర్చి చూచెను. ఈ హెడ్డునకు 0.05 మిల్లీమీటరు వంపు వఱకే క్షమ గలదు. సన్నని వెండ్రుక మందమన్నమాట. 0.10 రేకు నడుమ నునుపుగా దూరిపోయినది. పెక్కుచోట్ల ఈ బద్దయే యుండదు. క్రొత్త గాస్కెటు వేసి పంపుదురు, కొద్దికాలమునకే బండి తిరిగివచ్చును. చవకగా చేసిన మరమ్మతనునది ఇదియే.

హెడ్డు జీడిమెట్ల వైపున నున్న లేతు షాపునకు పోయినది. అచ్చట ఎఱ్ఱరంగు ద్రవము పూసి, తుడిచి, తెల్లపొడి చల్లి పగుళ్లకై వెదకిరి. పగులున్నచో ఆ తెలుపుపై ఎఱ్ఱని గీత తేలును. అదృష్టవశమున తేలలేదు. పిదప ఫేసింగు చేసి చదును పఱచిరి. ఎక్కువ గీచినచో మంట గది కుంచించి ఒత్తిడి పెరుగును, ఇంజను కొట్టుకొనును. కనుక తగినంతయే తీయవలయును.

వాల్వుల సంగతి కొంత చెప్పవలయును. అంచునకు గ్రైండింగు పేస్టు పూసి, కఱ్ఱకొనకు అంటించి, శిష్యుడు దానిని రెండు అరచేతుల నడుమ కవ్వమువలె త్రిప్పెను. మొదట గరగరలాడిన ధ్వని క్రమముగా మెత్తబడినది. సీటుపై తెగని బూడిదరంగు వలయము వెలసినది. వెనుకటి అంబాసిడరులకు ఇంకొక చిక్కుండెడిది. ఇంజను కొట్టుకొనకుండుటకై 1921లో మిడ్‌గ్లే అను ఇంజనీరు కనిపెట్టిన సీసపు మందు, పెట్రోలులో కలిసి, మెత్తని ఇనుప సీట్లకు పూతగా నిలిచి వానిని అరగనీయకుండెను. గాలిని విషపఱచు ఆ సీసమును 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతట నిలిపివేయుట న్యాయమే. కాని పాత హెడ్డులకు గట్టి సీట్లు వేయించవలసి వచ్చినది.

వాల్వులు కూర్చి, దారులలో పెట్రోలు పోసి, చెమ్మ క్రిందికి దిగలేదని చూచి, హెడ్డును బ్లాకుపై నుంచిరి. బోల్టు రంధ్రములలో నీటిబొట్టైన మిగులకుండ గాలి కొట్టిరి. నీరు మిగిలినచో బోల్టు దానినే నొక్కి బ్లాకును పగులగొట్టగలదు. ఈ మాఱు బిగింపు నడుమనుండి అంచులకు, టార్క్ రెంచితో, మూడు విడతలుగా సాగినది.

అంతయు అయిన పిదప ఉస్తాదు రేడియేటరు ఫ్యానుకు కరెంటు తీగ తగిలించెను. అది తిరుగలేదు. అసలు దోషి అదియే! దానిని మార్చకున్న హెడ్డు మరల వంగెడిది. క్రొత్త మోటారు వేసి, నూనెయు కూలెంటును మార్చి తాళము త్రిప్పగా ఇంజను తెల్లపొగ లేక పలికినది.

కనుక కారుగల పాఠకులకు నా విన్నపమొక్కటే: ముల్లు ఎఱ్ఱగీత నంటిన చోటనే, నీడ యున్నను లేకున్నను, బండి ఆపుడు, ఇంజను చల్లారువఱకు రేడియేటరు మూతను మాత్రము తాకకుడు.