బోరు వేసే ముందు ఒక లెక్క: మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో పెద్దల పర్యావరణ చదువు

పర్యావరణ అవగాహన సదస్సు అనగానే మనకు గుర్తొచ్చే దృశ్యం ఒకటే. ఒక ఫ్లెక్సీ, వరసగా కుర్చీలు, ఒక మొక్క, దాని మీద పది చేతులు, ఫొటో. తర్వాత టీ, బిస్కెట్లు. మరుసటి రోజు పేపర్లో చిన్న వార్త. అలాంటి వార్తలు నేనూ రాశాను కాబట్టి ఎవర్నీ తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఆ మొక్క బతికిందా లేదా అని నెల తర్వాత వెళ్లి చూసింది కూడా లేదు.

అయితే మన పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో, అంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు, ఇంకో రకం చదువు కూడా జరిగింది. కొన్నిచోట్ల ఇప్పటికీ జరుగుతోంది. అందులో ఉపన్యాసం తక్కువ, కొలవడం ఎక్కువ. చదువుకునేది పిల్లలు కాదు, రైతులు, టీచర్లు. ఆ చదువు ఎలా ఉంటుంది, ఎక్కడ పనిచేసింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది చూద్దాం.

ముందు చట్టం మాట. పర్యావరణం గురించి బళ్లలో తప్పనిసరిగా చెప్పాలని సుప్రీంకోర్టు 1991 నవంబర్‌లో ఎం.సి. మెహతా కేసులో ఆదేశించింది. మనకు పెద్దగా గుర్తులేని విషయం ఏమిటంటే, ఆ తీర్పు పెద్దల గురించి కూడా మాట్లాడింది. సినిమా హాళ్లలో పర్యావరణం మీద స్లైడ్లు వేయాలని, రేడియో, టీవీల్లో రోజూ కొన్ని నిమిషాలు కేటాయించాలని చెప్పింది. బడి వైపు పని ముందుకు సాగింది. పరిసరాల విజ్ఞానం పాఠ్యపుస్తకాలు వచ్చాయి, 2001 తర్వాత నేషనల్ గ్రీన్ కోర్ కింద బళ్లలో ఎకో క్లబ్బులు వచ్చాయి. పెద్దల వంతు మాత్రం స్లైడ్ల దగ్గరే ఉండిపోయింది.

పిల్లలకు చెబితే ఇంట్లో పెద్దలకు చేరుతుంది అంటారు. కొంతవరకు నిజమే. కానీ ఐదో తరగతి పిల్లోడు మూడో బోరు వేయాలా వద్దా అని తేల్చడు. రబీలో వరి పెట్టాలా, వేరుశనగ పెట్టాలా అన్నదీ వాడి చేతిలో లేదు. ఆ నిర్ణయాలన్నీ చేసేది బడి వదిలేసి ముప్ఫై ఏళ్లయిన మనిషి.

మా మామూ సంగతే చెబుతాను. పుంగనూరు వైపు ఆయనకు రెండున్నర ఎకరాలు. మొదటి బోరు కొన్నేళ్లు బాగా పోసింది. ఎండిపోయాక టెంకాయ పట్టుకుని నీళ్లు చూసే ఆయన్ని పిలిచి రెండోది వేశారు. అది ఒక్క ఎండాకాలం కూడా దాటలేదు. మూడోది ఎనిమిది వందల అడుగులు పోయినా దుమ్మే లేచింది. లారీ వెళ్లిపోయింది, అప్పు ఉండిపోయింది. ఆయన తెలివి తక్కువ మనిషి కాదు. టమాటా ధర మదనపల్లె మార్కెట్లో రేపు ఎటు పోతుందో నాకంటే బాగా చెబుతాడు. నేల కింద ఎంతుందో చూపించే కాగితం మాత్రం ఆయన చేతికి ఎప్పుడూ రాలేదు.

నీళ్ల బడి

ఆ కాగితం ఎలా ఉంటుందో చూపించిన పథకం ఒకటి మన జిల్లాలోనే నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏవో) ఆధ్వర్యంలో 2003 నుంచి దాదాపు ఏడేళ్లు సాగింది. పేరు పొడుగు, ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనేవాళ్లు. అర్థం మాత్రం తేలిక: భూగర్భజలాన్ని రైతులే చూసుకోవడం. చిత్తూరు, అనంతపురం, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ, ఈ ఏడు జిల్లాల్లో 600కు పైగా పల్లెల్లో నడిచింది.

అందులో రైతుల నీటి బడి అని పెట్టారు. పదిహేను రోజులకోసారి రైతులు కూర్చునేవారు. బ్లాక్‌బోర్డు కంటే ముందు చేతికి వచ్చేది వర్షమాపకం. వాన పడిన పొద్దున దాన్ని చదివి, ఊళ్లో అందరికీ కనిపించేలా గోడ మీద రాయాలి. కొన్ని బోర్లను ఎంచుకుని, వాటిలో నీటి మట్టం ఎంత లోతున ఉందో టేపు దించి చూడాలి. మోటారు వేసి, డ్రమ్ము నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో గడియారం పెట్టి లెక్కకట్టాలి. 200 లీటర్ల డ్రమ్ము 100 సెకన్లలో నిండితే, ఆ బోరు సెకనుకు రెండు లీటర్లు పోస్తున్నట్టు. ఇంతకు మించిన సైన్సు ఏం లేదు.

అక్టోబర్ దాటాక, రబీకి ముందు, ఊరంతా కూర్చుని బడ్జెట్ వేసేవాళ్లు. నేను బీకాం చదివాను కాబట్టి నాకు ఇది వెంటనే అర్థమైంది. ఇది అచ్చం క్యాష్ బుక్. ఓపెనింగ్ బ్యాలెన్స్ అంటే బోర్లలో ఇప్పుడున్న నీళ్లు. రసీదులు అంటే పడిన వాన. చెల్లింపులు అంటే వేయబోయే పంటలు. చివర్లో క్లోజింగ్ బ్యాలెన్స్ మైనస్ వస్తే ఎక్కడో కోత పెట్టాల్సిందే.

ఒక ఎకరంతో లెక్క వేసి చూద్దాం, అంకెలు సుమారుగానే. ఒక మిల్లీమీటరు వాన ఎకరం మీద పడితే దాదాపు 4,000 లీటర్లు. ఏడాదికి 700 మిల్లీమీటర్లు పడ్డాయనుకుంటే 28 లక్షల లీటర్లు. చాలా ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ మనది గ్రానైటు నేల. పడిన వానలో భూమి లోపలికి ఇంకేది పదో వంతు, చాలాచోట్ల అంతకంటే తక్కువ. మిగతాది ఆవిరైపోతుంది, చెట్లు తాగుతాయి, వాగులో పోతుంది. పదో వంతే అనుకున్నా మిగిలేది 2.8 లక్షల లీటర్లు. బోరు కింద ఎకరం వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీళ్లు కావాలి, అంటే 48 లక్షల లీటర్లు. భాగించి చూడండి. ఒక ఎకరం వరి, 17 ఎకరాల భూమిలో ఏడాదంతా ఇంకిన నీళ్లు తాగేస్తుంది. వేరుశనగ అయితే 500 మిల్లీమీటర్లు చాలు, అంటే దాదాపు ఏడెకరాల నీళ్లు.

ఈ లెక్క ఎవరైనా మైకులో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాం. తన పొలం, తన వాన, తన బోరు అంకెలతో తనే వేసుకున్న మనిషి అంత తేలిగ్గా మర్చిపోడు. ఇంకో కారణం కూడా ఉంది. 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం. అది రైతుకు చాలా అవసరమైన సాయం, కాదనలేం. కానీ బిల్లు రాని ఖర్చు ఖాతాలో కనిపించదు. నీళ్లు ఎంత తోడామో చెప్పేది ఇక ఆ టేపు ఒక్కటే.

ఫలితం ఏమిటి? పథకం నడిచిన ప్రాంతాల్లో వాగుల వారీగా లెక్క చూసి, దాదాపు 42 శాతం చోట్ల రబీలో నీళ్ల తోడకం వరుసగా తగ్గిందని, 51 శాతం చోట్ల కొన్నేళ్లు తగ్గి కొన్నేళ్లు తగ్గలేదని, మిగతా చోట్ల పెరిగిందని ప్రపంచ బ్యాంకు 2010 నివేదికలో వచ్చింది. ఎవరినీ బలవంతపెట్టలేదు, జరిమానా లేదు, బోర్లు మూయించలేదు. అంకెలు చూసి రైతులే వరి తగ్గించారు. కానీ కథ ఇక్కడితో అయిపోలేదు. పథకం ముగిశాక గ్రామాలకు వెళ్లిన కొందరు పరిశోధకులు ఈ ఫలితాల మీద గట్టి ప్రశ్నలే వేశారు. సిబ్బంది వెళ్లిపోయాక లెక్కలు వేయడం నిలబడలేదన్నది అందులో ముఖ్యమైంది. నాకు ఇది ఆశ్చర్యం కలిగించలేదు. క్యాష్ బుక్ రాసే మనిషి మానేస్తే ఏ షాపులోనైనా జరిగేది ఇదే. ఏడేళ్లు నేర్పి, ఎనిమిదో ఏడు పుస్తకం ఎవరి చేతిలో పెట్టాలో తేల్చకపోతే ఆ చదువు సగమే.

తర్వాత ఇంకో పద్ధతి వచ్చింది. మదనపల్లె చుట్టుపక్కల ఉమ్మడి భూముల మీద ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్న ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ, బయటి పరిశోధకులతో కలిసి మన రాష్ట్ర పల్లెల్లో ఒక ఆట ఆడించింది. ఐదుగురు కూర్చుంటారు. ఎక్కువ నీళ్లు, ఎక్కువ డబ్బు ఇచ్చే పంట ఒకటి. తక్కువ నీళ్లు, తక్కువ డబ్బు ఇచ్చేది ఇంకొకటి. ఎవరికి వాళ్లు పక్కవాడికి చెప్పకుండా ఎంచుకోవాలి. ఒక్కో రౌండుకు నీటి మట్టం పడిపోతూ ఉంటుంది. తర్వాత మాట్లాడుకుని ఆడమంటారు. ఆట అయిపోయాక అసలు పని మొదలవుతుంది, ఊరంతా కూర్చుని ఏం జరిగిందో చర్చించుకోవడం. ఆట ఆడిన ఊళ్లలో నీటి రిజిస్టర్లు, కట్టుబాట్లు పెట్టుకునే అవకాశం ఎక్కువగా కనిపించిందని ఆ పరిశోధకులు తర్వాత రాశారు. నవ్వుతూ ఆడుకున్నప్పుడు ఎవరి పరువూ పోదు. నిజం పొలంలో 'నీ బోరు వల్లే నా బోరు ఎండింది' అంటే గొడవ అవుతుంది.

హంద్రీ-నీవా వచ్చేసింది కదా, ఇక ఈ లెక్కలెందుకు అని అడుగుతారు. నిజమే, శ్రీశైలం వెనక జలాల నుంచి ఎత్తిపోసుకుంటూ వచ్చిన కృష్ణా నీళ్లు 2025 ఆగస్టులో కుప్పం దాకా చేరాయి. పండగ చేసుకోవాల్సిన విషయమే. కానీ ఖాతాలో డబ్బు పడినంత మాత్రాన పాస్‌బుక్ పారేయం కదా.

టీచర్ల సంగతి

మదనపల్లెకు దగ్గర్లోని రిషి వ్యాలీ చాలామందికి పెద్ద బోర్డింగ్ స్కూలుగానే తెలుసు. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పేరుతో ముడిపడిన బడి. దశాబ్దాల పాటు చెట్లు పెంచి, గట్లు వేసి, బోడిగా ఉన్న ఆ లోయను పచ్చగా చేశారు. 1991లో దాన్ని పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. పసుపు గొంతు పికిలిపిట్ట అనే అరుదైన పిట్ట మన రాళ్లగుట్టల్లోనే బతుకుతుందని తెలిసి అక్కడికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. అక్కడి పక్షుల అధ్యయన సంస్థ పెద్దలకు ఇంటి దగ్గరే కూర్చుని చదివే పక్షిశాస్త్రం కోర్సు నడిపింది. పాఠం ఇంటికి వస్తుంది, పిట్టను మాత్రం మన ఊళ్లోనే వెతుక్కోవాలి. ఆ పద్ధతి నాకు చాలా నచ్చింది.

అంతకంటే పెద్ద ప్రభావం రివర్ అనే వాళ్ల గ్రామీణ విద్యా విభాగానిది. ఒకే టీచరు, ఒకే గది, ఐదు తరగతులు ఉండే పల్లె బడికి కార్డుల పద్ధతి తయారుచేసి, టీచర్లకు నేర్పారు. చెన్నై కార్పొరేషన్ బళ్ల టీచర్లు వచ్చి చూసి వెళ్లాక తమిళనాడులో అదే పద్ధతి పెద్ద ఎత్తున మొదలైంది. టీచరు కూడా కింద కూర్చుని, కార్డు పట్టుకుని, చేసి నేర్చుకోవాలన్నది అక్కడి శిక్షణలో ముఖ్యం.

కుప్పం వైపు గుడివంకలో అగస్త్య ఫౌండేషన్‌ది ఇలాంటిదే ఇంకో దారి. 1999లో మొదలైన ఈ సంస్థకు అక్కడ 172 ఎకరాల క్యాంపస్ ఉంది. రాళ్లు తేలిన ఆ నేలను తిరిగి పచ్చగా చేయడం వాళ్ల పనిలో భాగమే. ఖరీదైన ల్యాబు అక్కర్లేకుండా, చేతికి దొరికే వస్తువులతో ప్రయోగాలు చేయడం టీచర్లకు నేర్పుతారు.

ఇక్కడ ఒక మాట మనవాళ్ల కోసం చెప్పాలి. నేను వెళ్లి చూసిన ఒక శిక్షణలో ఉర్దూ మీడియం టీచర్లు ముగ్గురు వెనక బెంచీలో కూర్చున్నారు. ఇచ్చిన సామగ్రి మొత్తం తెలుగులో, ఇంగ్లీషులో ఉంది. వాళ్లకు తెలుగు వస్తుంది, సమస్య అది కాదు. రేపు తరగతిలో 'భూగర్భజలం' అన్న మాటను ఉర్దూలో ఏమనాలో అక్కడే ఒకరినొకరు అడుగుతున్నారు. 'జేరే జమీన్ పానీ' అని తేల్చుకున్నారు. నిర్వాహకులకు ఆ చర్చ చెవిన పడలేదు.

ఏనుగు పాఠం

కుప్పం, పలమనేరు అంచున నీళ్లతో పాటు ఇంకో సమస్య ఉంది. రెండు వందల ఏళ్ల పాటు ఏనుగులు లేని ఈ అడవుల్లోకి 1980లలో తమిళనాడు వైపు నుంచి మందలు వచ్చాయి. 1990లో దాదాపు 358 చదరపు కిలోమీటర్లను కౌండిన్య అభయారణ్యంగా ప్రకటించారు. అడవి అంచున చెరకు, అరటి, వరి. ఏనుగుకు అది దావత్ లాంటిది. మనుషులూ చనిపోయారు, కరెంటు తీగలు తగిలి ఏనుగులూ చనిపోయాయి. ఇప్పుడు పలమనేరు దగ్గర ముసలిమడుగులో కుంకీ ఏనుగుల శిబిరం పెట్టారు.

ఇక్కడ పెద్దలకు 'వన్యప్రాణులను ప్రేమించండి' అని చెప్పడం కంటే పనికిమాలిన పాఠం లేదు. రాత్రంతా పొలం కాపలా కాసిన మనిషికి ఆ మాట చెప్పి చూడండి. ఆయనకు కావాల్సింది వేరు. మంద ఏ దారిన వస్తుంది, ఏ నెలలో వస్తుంది, తరిమేటప్పుడు వెనక్కి పోయే దారి ఎక్కడ వదలాలి, పంట నష్టానికి కాగితాలు ఎలా పెట్టాలి. ఇందులో సగం ఊరివాళ్లకే తెలుసు. శిక్షణ ఇచ్చేవాళ్లు చార్టు, స్కెచ్ పెన్ను వాళ్లకిచ్చి పక్కన కూర్చుంటే చాలు, దారుల పటం తయారవుతుంది. ఆ పటంలో కంచెకు దొంగ కరెంటు పెట్టిన చోటు కూడా ఎవరో ఒకరు చూపిస్తారు. అసలు మాట అప్పుడే మొదలవుతుంది.

ఇవన్నీ పెద్ద సంస్థలు వస్తేనే అవుతాయని కాదు. మస్జిదులో వజూ కుళాయి కింద ఒకరోజు బకెట్ పెట్టి, ఒక్కో మనిషికి ఎన్ని లీటర్లు పోతున్నాయో కొలవచ్చు. ప్రవక్త (స) ఒక ముద్ నీళ్లతో వజూ చేసేవారని హదీసుల్లో ఉంది. అంటే లీటరు కూడా కాదు. పక్కపక్కన రెండు అంకెలు గోడ మీద రాస్తే కమిటీ వాళ్లు కుళాయి మారుస్తారో లేదో చూడొచ్చు.

మామూ మిద్దె మీద మేం ఒక నిలువు గోడల స్టీలు డబ్బా పెట్టాం. స్కేలుతో ఒక సెంటీమీటరు ఉంటే పది మిల్లీమీటర్ల వాన. చెట్టు నీడ పడకూడదు, రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు చూడాలి, చూసి పారబోయాలి. మొదటి వానకు పన్నెండు మిల్లీమీటర్లు వచ్చింది. క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో రాశాడు. కాసేపు దాన్నే చూస్తూ ఉండి, "అయితే దీంట్లో మన బోరుకు దిగేది ఎంత?" అని అడిగాడు. ఫోన్ తీసి క్యాలిక్యులేటర్ ఆయన చేతిలో పెట్టాను.