న్యాయశాస్త్ర విద్యార్థికి రసాయనశాస్త్రమెందుకు?

న్యాయశాస్త్రమనగానే నల్లకోటు, సాక్షులు, దస్తావేజులు మనకు స్ఫురించును. ప్రయోగశాలకు, న్యాయస్థానమునకు సంబంధమేమని విద్యార్థి అడిగినచో తప్పులేదు. కాని పర్యావరణ చట్టములను చదువ మొదలిడినవారికి నికెల్ లోహము, నీటిలో కరిగిన ఆమ్లజని, భూగర్భజల ప్రవాహము వంటి మాటలు అడుగడుగున ఎదురగును. ఈ విద్య ఎట్టిదో తెలియుటకు హైదరాబాదు జలాశయముల వ్యాజ్యమొక్కటి చాలును.

1908 సెప్టెంబరులో మూసీనది పొంగి నగరమును ముంచెత్తినది. అట్టి ఉపద్రవము మరల రాకుండ మూసీపై ఉస్మాన్‌సాగరు 1920లోను, దాని ఉపనదియైన ఈసీపై హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. గండిపేట చెరువని జనులు పిలుచునది ఉస్మాన్‌సాగరే. వరద నాపుటకు కట్టినవి క్రమముగా జంటనగరముల త్రాగునీటి నిధులైనవి. జలాశయములో చేరు నీరు చాలవరకు చుట్టుప్రక్కల నేలపై పారియో, నేలలో ఇంకియో వచ్చునదే. కనుక గట్టును మాత్రము కాపాడిన చాలదు, పరీవాహక ప్రాంతమును కూడ కాపాడవలెను. ఈ కారణముచేతనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1996 మార్చి 8న 111వ ఉత్తర్వును వెలువరించి, ఈ రెంటికి 10 కిలోమీటర్ల లోపల కాలుష్యకారక పరిశ్రమలను నిషేధించినది.

ఆ హద్దు లోపలనే, శంషాబాదు మండలములో, ఒక కంపెనీ ఆముదము నుండి పారిశ్రామిక పదార్థములు తయారుచేయు కర్మాగారమును పెట్టబూనినది. ఆముదము కంటికి కాటుకగా, బిడ్డకు మందుగా మన యింట వాడినదే, అందు భయపడవలసినదేమున్నది? సంగతి ఆముదములో లేదు. నికెల్ ఉత్ప్రేరకముగా దానిలోనికి ఉదజని వాయువును పంపినచో నూనె మైనమువలె గట్టిపడును. పని ముగిసిన నికెల్ వ్యర్థముగా మిగులును, అది భారలోహము. వానకు కొట్టుకొనిపోయి చెరువు చేరినచో తిరిగి తీయుట సాధ్యము కాదు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించినది. వ్యర్థము బయటకు రాదని చెప్పిన శాస్త్రజ్ఞుల అభిప్రాయములపై ఆధారపడి, అప్పీలు విన్న అధికారి అనుమతి ఇమ్మనెను. హైకోర్టు కూడ అట్లే ఆదేశించినది. వివాదము సుప్రీంకోర్టుకు చేరినది.

ఇక్కడ ఉపాధ్యాయులు తరగతిలో చర్చింపదగిన అంశమొకటి కలదు. పరిశోధకుడు సాధారణముగా ‘ప్రభావము లేదు’ అను పరికల్పనతో ప్రారంభించును. బలమైన ఆధారము దొరకువరకు దానిని విడువడు. లేని ప్రభావమును ఉన్నదనుట అతనికి పెద్ద తప్పు. విజ్ఞానము నిలకడగా పెరుగుటకు ఈ జాగ్రత్త అవసరమే. కాని త్రాగునీటి విషయమున రెండవ తప్పు, అనగా ఉన్న ప్రభావమును లేదనుట, ఎంతో ప్రమాదకరము. పది నమూనాలలో నికెల్ కనబడలేదన్నంత మాత్రమున పదునొకండవ వానకు రాదనుటకు నిదర్శనము లేదు. పైగా శాస్త్రజ్ఞుడు ‘ఇంకను పరిశోధింపవలెను’ అని వ్రాసి ఊరకుండవచ్చును. న్యాయమూర్తికి ఆ వీలు లేదు. తీర్పు వాయిదా వేసినను, ఆ వాయిదా ఎవరో ఒకరికి లాభించును.

కనుకనే నిరూపణభారము ఎవరిదన్న ప్రశ్నకు అంత విలువ. హాని కలుగదని నిరూపించు బాధ్యత పరిశ్రమ పెట్టువారిదేనని సుప్రీంకోర్టు 1996లో వెల్లూరు తోళ్ళ పరిశ్రమల వ్యాజ్యమున చెప్పినది. దీనిని 1999 జనవరి 27న హైదరాబాదు వ్యాజ్యములో విపులముగా వివరించినవారు తెలుగువారైన జస్టిస్ ఎం. జగన్నాధరావు. శాస్త్రవిషయములను తేల్చుటకు న్యాయస్థానము నిపుణుల సహాయము కోరినది. 2000 డిసెంబరు 1 నాటి తుది తీర్పులో పరిశ్రమకు అనుమతి లభింపలేదు. ఉత్తర్వు కథ మాత్రము అంతటితో ముగియలేదు. 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వము 69వ ఉత్తర్వు ద్వారా ఆ ఆంక్షలను తొలగింపబూనినది.

న్యాయమూర్తుల ప్రక్కన శాస్త్రజ్ఞులు కూర్చుండవలెనన్న ఆలోచన ఆ తీర్పులలోనిదే. జగన్నాధరావు అధ్యక్షతన లా కమిషను 2003లో తన 186వ నివేదికలో దీనినే సిఫారసు చేసినది. 2010 చట్టముతో జాతీయ హరిత ట్రిబ్యునలు ఏర్పడినది. అందు న్యాయసభ్యులతో సమముగా నిపుణ సభ్యులు తీర్పు చెప్పుదురు.

స్వచ్ఛమైన విద్యుత్తు విషయమున చిక్కు మరియొక తీరుది. ఇచట ఇరుప్రక్కల ఉన్నది పర్యావరణమే. బట్టమేకపిట్ట రాజస్థాన్, గుజరాత్ మైదానములలో మిగిలిన అరుదైన పక్షి. కర్నూలు సీమలోని రోళ్ళపాడు అభయారణ్యము దీనికొరకు ఏర్పడినదే. బరువైన పక్షి, ఎదుటి చూపు తక్కువ. తీగెలను చూచి తప్పించుకొనలేదు. సౌరవిద్యుత్తును తెచ్చు తీగెలు ఆ మైదానములమీదుగనే పోవలెను. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సాధ్యమైనచోట్ల తీగెలను భూమిలో పాతుమన్నది. ఇది వినుటకు తేలిక. భూమిలో కేబులు, దాని లోహపు తొడుగు కలిసి ఒక పొడవైన కెపాసిటరగును. ఏకాంతర విద్యుత్తు ప్రతి ఆవృత్తిలోను దానిని నింపుచు ఖాళీచేయుచుండవలెను. దూరము, వోల్టేజి పెరిగినకొలది కేబులు శక్తి దీనికే ఖర్చగును. 2024 మార్చి 21న న్యాయస్థానము తన ఆజ్ఞను మార్చి, నిర్ణయమును నిపుణుల సంఘమునకు అప్పగించినది. శీతోష్ణస్థితి మార్పుల దుష్ఫలితముల నుండి రక్షణ పొందుట రాజ్యాంగ హక్కని అదే తీర్పు గుర్తించినది. పక్షికి న్యాయము జరిగినదా అన్నది తరగతిలో వాదించుకొనదగిన ప్రశ్న.

బార్ కౌన్సిలు 2008 నియమముల ప్రకారము పర్యావరణ చట్టము న్యాయపట్టమునకు తప్పనిసరి పాఠ్యాంశము. 1974 జలచట్టము, 1981 వాయుచట్టము, 1986 పర్యావరణ పరిరక్షణ చట్టము అందు ముఖ్యములు. శక్తి విషయమున ఆసక్తి కలవారు 2003 విద్యుచ్ఛక్తి చట్టమును కూడ చదువవలెను. ఇంటరు తరువాత అయిదేండ్ల చదువు, పట్టభద్రులకు మూడేండ్ల చదువు కలవు. ప్రవేశమునకు ఇంటరులో ఏ శాఖ చదివినను అభ్యంతరము లేదు. గణిత, జీవశాస్త్రముల విద్యార్థులు ఈ దారి తమది కాదనుకొని పరీక్షకైనను కూర్చుండకపోవుచున్నారు. నికెల్ సంగతి ఎరిగినవారి అవసరము అచ్చటనే ఎక్కువ.