తుమ్మబంక చెప్పిన కబురు

పిల్లలూ, ఈసారి నారింజరంగు పానీయం తాగేటప్పుడు సీసా మీద అచ్చువేసిన చిన్న అక్షరాలను ఓపికగా చదవండి. వాటిలో 414 అనే అంకె కనిపిస్తే, ఆ పానీయంలో ఒక రకం తుమ్మబంక ఉందన్నమాట. అన్ని సీసాలలోనూ ఉండదు. కొన్ని చప్పరించే బిళ్ళలలో కూడా ఉంటుంది.

పానీయంలో బంక ఎందుకు? నారింజ వాసన నూనెలో ఉంటుంది. నూనె నీటిలో కలవదు గదా! గ్లాసెడు నీటిలో రెండు చుక్కల నూనె వేసి గిలక్కొట్టి చూడండి, కాసేపటికి మళ్ళీ పైకి తేలుతుంది. నూనెను కంటికి కనపడనంత సన్నని తుంపరలుగా విడగొట్టినప్పుడు, బంక ఒక్కొక్క తుంపర చుట్టూ పొరలాగా పట్టి, అవి తిరిగి ఒకటి కాకుండా కాపాడుతుంది. అందుచేత మొదటి గుక్కకూ చివరి గుక్కకూ రుచి ఒకటే.

మన చేలగట్ల మీది నల్లతుమ్మకు బంధువయిన చెట్టు ఆఫ్రికాలోని సూడాన్ దేశంలో పెరుగుతుంది. ప్రపంచం వాడుకునే ఈ బంకలో సగానికి మించి అక్కడిదే. వానలు వెళ్ళిన తరువాత కొర్డొఫాన్, దార్ఫూర్ ప్రాంతాల రైతులు చెట్ల బెరడుకు గాట్లు పెడతారు. కొద్ది వారాలకు బంక ఊరి, ఎండకు గట్టిపడి, తేనెరంగు ఉండలవుతుంది. వాటిని చేతులతో ఏరి సంతకు తెస్తారు. ఈ సరుకు ఎంత అవసరమయినదంటే, 1997లో అమెరికా సూడాన్‌తో వర్తకం నిషేధించినా, తుమ్మబంకకు మాత్రం మినహాయింపు దొరికింది!

ఆ సూడాన్‌లో 2023 ఏప్రిల్ 15న యుద్ధం మొదలయింది. పరాయి దేశమేదీ దండెత్తి రాలేదు. దేశపు సైన్యమూ, దానితో అధికారం పంచుకుంటున్న మరొక సాయుధ దళమూ తమలో తాము కలహించుకున్నాయి. రాజధాని ఖార్టూమ్ వీధులలోనే ఫిరంగులు పేలాయి. అక్కడ చిక్కుకున్న మనవారిని, మూడు వేలమందికి పైగా, భారత ప్రభుత్వం ‘ఆపరేషన్ కావేరి’ పేరుతో ఓడలలోనూ విమానాలలోనూ తరలించింది. ఆ కొద్ది రోజులూ మన పత్రికలలో సూడాన్ పేరు మోగిపోయింది. మనవాళ్ళు ఇల్లు చేరారు, పేరు మాయమయింది. యుద్ధం మాత్రం ఆగలేదు. 2024 నాటికి ఇళ్ళు విడిచిపోయినవారు ఒక కోటికి మించారు. ఆ ఏడే దార్ఫూర్‌లోని జమ్‌జమ్ శిబిరంలో క్షామం వచ్చినట్టు ప్రకటించారు.

ఈ సంగతి మీ ఇంట్లో ఎవరయినా మాట్లాడుకున్నారా? వార్త దొరకక కాదు, అది అందరి జేబులోనూ ఉంది.

నా చిన్నతనంలో మా ఊరంతటికీ పంచాయతీ రేడియో ఒక్కటే. పాటల కోసం చేరిన జనానికి ముందు వార్తలు వినక తప్పేది కాదు. మావాళ్ళంతా ప్రపంచజ్ఞానులని చెప్పను సుమా! వార్తలవేళ చాలామంది చుట్టలు కాల్చుకుంటూ పంటల కబుర్లు చెప్పుకునేవారు. అయినా వియత్నాం, కంబోడియా అనే పేర్లు చెవిన పడేవి. పత్రికలో సినిమా పేజీ వెతికేవాడి కన్ను కూడా దారిలో విదేశ వార్తల మీద పడేది. సెల్‌ఫోనులో అటువంటి దారి లేదు. నిన్న క్రికెట్ చూసినవాడికి అది ఈరోజు మరింత క్రికెట్ తెచ్చి చూపుతుంది. కావలసినది వెతకటం ఎంత సులువో, వద్దనుకున్నది కనపడకుండా పోవటం కూడా అంత సులువే. పెద్దలకు కోపం రావచ్చుగాని, ఈ మాట వారికీ వర్తిస్తుంది. నాకూ వర్తిస్తుంది.

మొన్న మా ఇంటికి లెక్కలు చెప్పించుకోవటానికి వచ్చే ఎనిమిదో తరగతి కుర్రవాణ్ణి సూడాన్ ఎక్కడుందో చూపమన్నాను. వాళ్ళ నాన్నగారి ఫోనులో అర నిమిషంలో చూపాడు. నీలినైలు, తెల్లనైలు కలిసేచోటు కూడా చూపాడు.

“ఇంత తేలిక గదా, ఇదివరకెప్పుడూ చూడలేదేం?” అన్నాను.

“ఎవరూ అడగలేదండీ, మాస్టారూ,” అన్నాడు. కాసేపు ఆగి, “ఆ బంక ఏరేవాళ్ళ పిల్లలు బడికి వెళుతున్నారాండీ?” అని అడిగాడు.

నాకు తెలియదు. ఇద్దరం కలిసి వెతికాం. 2024లో అక్కడి బడియీడు పిల్లలలో ఎక్కువమందికి బడి లేదనీ, చాలా బళ్ళలో ఇళ్ళు పోయినవారు తల దాచుకున్నారనీ తెలిసింది. ఆ రోజు మేము లెక్కల పుస్తకం తెరవనేలేదు.