పలికే పాత్రలు

తెలుగులో 'పాత్ర' అనే మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి భాండం, రెండవది కథలోని వ్యక్తి. ఈ రెండూ ఒక్కచోట కలిసి పలకడం వినాలంటే ప్రాచీన గ్రీసు దేశపు చిత్రిత మృణ్మయ పాత్రలను పరిశీలించాలి.

క్రీ.పూ. 6వ శతాబ్దంలో ఏథెన్సు చిత్రకారులు మద్యం, నూనె, నీరు నింపే పాత్రలపై పురాణగాథలను చిత్రించి, బొమ్మల నడుమ అక్షరాలు వ్రాసేవారు. క్రీ.పూ. 570 ప్రాంతంలో క్లైటియాస్ చిత్రించిన 'ఫ్రాంస్వా పాత్ర' నేడు ఫ్లారెన్సు పురావస్తు ప్రదర్శనశాలలో ఉంది. అందులో దేవతలకూ వీరులకూ మాత్రమే కాదు, నేలపై పడిన నీటికుండకు సైతం పేరు వ్రాయబడింది. కుండ బొమ్మ పక్కన 'కుండ' అని వ్రాయడం మనకు నవ్వు తెప్పించవచ్చు. కాని ఆ చిత్రకారుని దృష్టిలో అక్షరం కూడా ఒక అలంకారమే.

అక్షరం అంతకుమించిన పని చేయగలదని నిరూపించినవాడు ఎక్సేకియాస్. క్రీ.పూ. 530 ప్రాంతంలో అతడు రూపొందించిన పాత్ర ఒకటి వాటికన్‌లో ఉంది. ట్రాయ్ యుద్ధవీరులైన అకిలీస్, అయాస్ ఎదురెదురుగా కూర్చొని ఆటలో లీనమై ఉన్నారు. ఈటెలు మాత్రం చేతులు వీడలేదు. అకిలీస్ నోటి నుండి 'నాలుగు', అయాస్ నోటి నుండి 'మూడు' అనే మాటలు వెలువడుతున్నాయి. ఆ రెండు మాటలూ లేకుంటే ఇది సైనికుల విశ్రాంతి దృశ్యం మాత్రమే. ఎవరిది పైచేయి అన్నది రేఖలు చెప్పలేదు, అక్షరాలు చెప్పాయి. ఆటలో వెనుకబడిన అయాస్, గాథ ప్రకారం, అకిలీస్ మరణానంతరం అతని ఆయుధాలు తనకు దక్కని అవమానంతో తన కత్తికే బలి అవుతాడు. కథ తెలిసినవారికి ఆ 'మూడు' ఎంత భారమైన మాటో వేరుగా చెప్పనక్కరలేదు.

అదే పాత్ర అంచుపై 'ఎక్సేకియాస్ నన్ను చిత్రించి, తయారు చేశాడు' అని ఉంది. ఇక్కడ 'నన్ను' అన్నది పాత్రయే! ఆ వాక్యాన్ని బిగ్గరగా చదివినవాడు ఒక్క క్షణం మట్టికుండకు తన గొంతు అరువిచ్చినవాడవుతాడు.

అన్ని వ్రాతలూ ఇంత గంభీరమైనవి కావు. కొన్ని పాత్రలపై ఏ అర్థమూ లేని అక్షరాల వరుసలున్నాయి. క్రీ.పూ. 510 ప్రాంతంలో యూథిమిడీస్ అనే చిత్రకారుడు, తాండవమాడుతున్న మూడు మూర్తుల పక్కన 'యూఫ్రోనియోస్ ఎన్నడూ ఇలా వేయలేదు' అనే భావంతో తన సమకాలికుణ్ణి ఎత్తిపొడిచాడు. ఆ పాత్ర మ్యూనిక్‌లో ఉంది. యూఫ్రోనియోస్ చిత్రించిన పాత్రలు కూడా కొన్ని నేటికీ నిలిచి ఉన్నాయి కనుక, ఆ మాటలో నిజమెంతో మనమే పోల్చి చూసుకోవచ్చు.