కత్తిపై నగిషీ.. రుద్దితే మాయం!

కోనసముద్రం ఉక్కు ఖ్యాతి. పాత అలుగులను గుర్తించడమెలా?

దసరా వచ్చిందంటే పాత ఇళ్లలో అటకలపై ఉన్న ఆయుధాలు కిందికి దిగుతాయి. తాతల నాటి కత్తి, బాకు ఏదైనా మిగిలి ఉంటే చింతపండుతోనో, ఇటుక పొడితోనో, ఇప్పుడైతే గరుకు కాగితంతోనో తళతళలాడేలా తోమి పూజలో పెట్టడం ఆనవాయితీ. ఆ తోముడుతో పోయేది తుప్పు ఒక్కటే కాదు. అలుగుపై సన్నని నగిషీ ఉంటే అదీ అరిగిపోతుంది. అంతకంటే విలువైనది, ఉక్కు స్వయంగా చూపే నీటి అలల వంటి చార, కంటికి కనిపించకుండా పోతుంది.

ఈ చార, నగిషీ ఒకటేనని చాలామంది భావిస్తారు. నిజానికి ఇవి పూర్తిగా వేర్వేరు. నగిషీ పనివాడి ఉలి నుంచి వచ్చినది. చార ఉక్కు కడుపులోంచి పుట్టినది. మేలైన పాత కత్తిపై రెండూ కలిసి ఉంటాయి. మంచి నగిషీకారుడు చార కనిపించేందుకు అలుగులో ఎక్కువ భాగాన్ని వదిలేసి, పిడి దగ్గర, వెన్ను అంచున మాత్రమే ఉలి పెట్టేవాడు. అలుగంతా పువ్వులతో నింపేసిన కత్తిని చూస్తే, కింది ఉక్కు సామాన్యమైనదేమోనని ఒక్క క్షణం అనుమానించడం తప్పు కాదు.

మన నేల ఉక్కు

చారల ఉక్కుకు పుట్టినిళ్లలో ఒకటి మన ప్రాంతమే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారైన ఉక్కు ముద్దలను కొనేందుకు ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చేవారు. 1820 దశకం ఆరంభంలో ఈ ప్రాంతంలో తిరిగిన హెన్రీ వాయిసీ అనే వైద్యుడు, భూగర్భ పరిశోధకుడు ఈ విషయాన్ని రాసి పెట్టాడు. ఆయన 1824లో మరణించగా, ఆ వివరణ 1832లో అచ్చయింది. రెండు రకాల ఇనుమును కలిపేవారని అందులో ఉంది. మూడు పాళ్లు ‘మిర్ట్‌పల్లి’ ఇనుము, రెండు పాళ్లు కొండాపూర్ ఇనుము. మిర్ట్‌పల్లి అంటే నేటి జగిత్యాల జిల్లా మెట్‌పల్లిగా పరిశోధకులు గుర్తించారు. నిర్మల్ సమీపంలోని దిమ్మదుర్తి వద్ద లభించే నల్లని అయస్కాంత ఇసుక కూడా అప్పట్లో ఇనుముకు ఆధారం.

ఇనుప ముక్కలను మట్టి మూసలో పెట్టి, మూత మెత్తి, కొలిమిలో ఒక పగలూ రాత్రీ కాచేవారు. నెమ్మదిగా చల్లారిన ముద్దలో కర్బనం దాదాపు ఒకటిన్నర శాతం వరకు ఉండేది. ఆ ముద్దను తక్కువ వేడిలో ఓపికగా సాగగొడితే కర్బనం చేరిన గట్టి కణాలు పొరలు పొరలుగా బారులు తీరుతాయి. ఆమ్లం తగిలించినప్పుడు ఆ బారులు తెల్లగా, మిగిలిన భాగం నల్లగా తేలుతుంది. అదే చార. మూల ఇనుములో అతి స్వల్పంగా ఉన్న వెనేడియం వంటి లోహాలే ఇందుకు కీలకమని అమెరికా శాస్త్రవేత్త జాన్ వెర్హోవెన్, కత్తుల కమ్మరి ఆల్ఫ్రెడ్ పెండ్రే 1998లో వివరించారు. గనికీ చారకూ ఇంత దగ్గరి చుట్టరికం ఉందన్నమాట! 19వ శతాబ్దంలో చౌక విదేశీ ఉక్కు దిగుమతితో మన మూసల కొలిములు చల్లారాయి. 2010లో బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణ పల్లెల్లో చిట్టెం దిబ్బలను సర్వే చేశాయి.

నగిషీని చూడడం ఎలా?

కత్తిని వెలుతురుకు ఏటవాలుగా పట్టి, భూతద్దంతో గీత అడుగు చూడాలి. ఉలితో చెక్కిన గీత అడుగున నునుపుగా, అంచున పదునుగా ఉంటుంది. చేతి ఒత్తిడిని బట్టి ఒకచోట లావై, మరోచోట వెంట్రుకలా సన్నబడుతుంది. తీగ మలుపు తిరిగే చోట చేయి తడబడిందా, ఒకే ఊపులో సాగిందా అన్నది అక్కడే తెలుస్తుంది. ఆమ్లంతో తినిపించిన గీత మొదటి నుంచి చివరి దాకా ఒకే మందంలో, అడుగున గరుకుగా ఉంటుంది.

బంగారు పనిలో రెండు పద్ధతులున్నాయి. ఉక్కుపై అడ్డదిడ్డంగా సన్నని గీతలు గీసి, వాటిపై బంగారు తీగను కొట్టి అతికించేది కోఫ్త్‌గరీ. కాలువ తవ్వి అందులో తీగను తాపడం చేసేది తహ్‌నిషాన్. మొదటిది సులువు, అరిగేదీ త్వరగానే. బంగారం రాలిన చోట అడ్డగీతలు బయటపడితే అది కోఫ్త్‌గరీయే.

ఇప్పుడు ‘డమాస్కస్’ పేరుతో అమ్ముతున్న కత్తుల్లో అధిక భాగం రెండు రకాల ఉక్కు రేకులను పేర్చి అతికి కొట్టినవే. అదీ నైపుణ్యమే కానీ, కోనసముద్రం ఉక్కు కాదు.

హైదరాబాద్ వెళ్లినవారు సాలార్‌జంగ్ మ్యూజియంలో జహంగీర్ వేట కత్తిని, నూర్జహాన్ పండ్ల కత్తిని చూడవచ్చు. అక్కడి ఆయుధాల గదిలోనూ కాసేపు నిలబడడం మంచిది. వెండి తీగ పనిని దగ్గరగా చూసిన కరీంనగర్ వాసులకు తీగ సన్నదనం అంచనా వేయడం కొత్త కాదు. కాకపోతే ఫిలిగ్రీలో తీగే వస్తువు, కత్తిపై తీగకు ఉక్కు ఆధారం.

ఇంట్లో ఉంటే..

చార మాసిపోతే నిపుణుడు ఆమ్లంతో మళ్లీ తేల్చగలడు, అది ఉక్కు లోపల ఉంటుంది కనుక. అరిగిన ఉలి గీత, రాలిన బంగారం మాత్రం తిరిగి రావు. అందుచేత ఇసుక, ఇటుక పొడి, గరుకు కాగితం, చింతపండు తగలనీయరాదు. మెత్తని పొడిగుడ్డతో తుడిచి, పలుచగా యంత్రాల నూనె రాస్తే చాలు. తోలు ఒర తేమను పట్టి ఉంచుతుంది, కత్తిని అందులో ఏడాది పొడవునా ఉంచకూడదు. పూజలో పసుపు, కుంకుమ పిడికి పెట్టి, అలుగును వదిలేయవచ్చు.

పాత సామాను కొనేవారికి తూకానికి ఇచ్చే ముందు పురావస్తు శాఖ వారికి ఒకసారి చూపించాలి. నూరేళ్లు దాటిన ఇటువంటి కళావస్తువులు 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువులు. వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడం నేరం. లైసెన్సు లేకుండా వాటితో వ్యాపారం చేయడమూ నిషిద్ధమే.